పోల్ వాల్ట్‌కి కొన్ని తలకిందుల సలహాలు

మొదట బార్ దించండి. దించి పిట్ పక్కన పడేస్తే చాలదు, సాయంత్రానికి పిల్లలు మళ్లీ ఎక్కించేస్తారు. స్టోర్‌రూమ్‌లో గోడవారగా పెట్టి తాళం వేయండి. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి, అటెండర్ చేతికి కూడా ఇవ్వొద్దు. నాలుగున్నర మీటర్ల ఆ కడ్డీ మళ్లీ వెలుగు చూడాల్సింది ఏడాది తర్వాతే.

పోల్ వాల్ట్ నేర్చుకుంటామని వచ్చిన పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఇది. ఎత్తు దూకడం నేర్పమని తీసుకొస్తే ఈయన దూకొద్దంటాడేమిటని తల్లిదండ్రులు తెల్లబోతారు. తోటి పీఈటీలు నా ముఖం మీదే తలకిందుల సలహా అంటారు. ఏడాది మరీ ఎక్కువ, నెల చాలు అన్నవాళ్లున్నారు. వారానికొక్క రోజైనా బార్ పెట్టకపోతే పిల్లలు విసుగెత్తి ఖోఖోకి వెళ్లిపోతారని చెప్పినవాళ్లూ ఉన్నారు. నిజమే, వెళ్లిపోయిన పిల్లలున్నారు. అయినా ఒక్క రోజు కూడా తగ్గించను.

బార్ పెట్టి ఉన్నప్పుడు పిల్ల ఎలా పరుగెత్తుతుందో పోల్ కొన దిగే బాక్సు పక్కనే, రన్‌వేకి రెండు గజాల దూరంలో గొంతుక్కూర్చుని చూడండి. పన్నెండు అంగల పరుగు అనుకుందాం. ఎనిమిదో అంగ దాకా ముచ్చటగా వస్తుంది. మోకాళ్లు లేస్తుంటాయి, భుజాలు వదులుగా ఉంటాయి, పోల్ కొన ఊగకుండా నిలబడి ఉంటుంది. తొమ్మిదో అంగకి కళ్లు పైకి లేస్తాయి, బార్ ఎక్కడుందో చూసుకోవాలి కదా. కళ్లతో పాటు గడ్డం లేస్తుంది, గడ్డంతో పాటు ఛాతీ వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలిన ఒంటితో పరుగు సాగదు, అందుకని ఆఖరి అంగ బారుగా పడుతుంది. ఎడమ పాదం పడాల్సిన చోటికన్నా జానెడు లోపలికి వెళ్లి పడుతుంది. చేతులు తలమీద నిటారుగా ఉండాల్సిన క్షణానికి ఇంకా చెవి దగ్గరే ఉంటాయి. పోల్ కొన బాక్సు వెనక గోడకి తగలగానే ఆ కుదుపంతా భుజంలోకీ నడుంలోకీ దిగుతుంది. పిల్ల నోరు విప్పదు. పళ్లు బిగబట్టి, చేతులతో పోల్‌ని లాక్కుని, కాళ్లు ముడుచుకుని ఎలాగో అటువైపు పడుతుంది. బార్ కదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు విన్న ఒళ్లు ఆ తప్పుల్నన్నింటినీ ఒప్పులుగా రాసిపెట్టుకుంటుంది.

అదే పిల్లని బార్ లేకుండా రమ్మనండి. పైన చూడ్డానికి ఏమీ ఉండదు, కళ్లు ఎదురుగానే ఉంటాయి. ఒక వారం గడిచాక పాదం మూడు వేళ్లు వెనక్కి వస్తుంది. నెల గడిచాక చేతులు వేళకి లేస్తాయి.

నాకీ పట్టుదల ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గర ఒక కుర్రాడుండేవాడు. ఒంట్లో చురుకు, కళ్లలో భయం లేదు. ఒక పెద్దమనిషి గ్రౌండ్ చూడ్డానికి వచ్చిన రోజున ఆయన ముందు కుర్రాడి సత్తా చూపించాలన్న తొందరలో బార్ ఒకేసారి 20 సెంటీమీటర్లు పెంచాను. కుర్రాడు బార్ వైపు చూస్తూనే పరుగెత్తాడు. పాదం లోపల పడింది, పోల్ నిలువుకి రాకుండానే ఆగిపోయింది. వాణ్ని వెనక్కి, రన్‌వే మీదికి విసిరేసింది. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక మళ్లీ గ్రౌండ్‌కి వచ్చాడు గానీ, బాక్సు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కాళ్లు వాటంతటవే నెమ్మదించేవి. చివరికి మానేశాడు. బార్ పెంచిన చెయ్యి నాది. ఆ రోజు నుంచి నా పిల్లలెవరికీ మొదటి ఏడాది బార్ లేదు.

దీని మీద నన్ను ఎదిరించడానికి ఒక గట్టి మాట ఉంది, దాన్ని దాచను. ఇవాళ ప్రపంచ రికార్డు ఉన్న స్వీడన్ ఆటగాడు ఆర్మాండ్ డుప్లాంటిస్ అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని లఫాయెట్‌లో, ఇంటి పెరట్లోనే పిట్ వేసుకుని పసితనం నుంచి దూకుతూ పెరిగాడు. 2025 సెప్టెంబర్‌లో టోక్యోలో 6.30 మీటర్లు దాటాడు. వాడికి అవసరం లేని ఏడాది మా వాడికెందుకని అడుగుతారు. ఆ పెరట్లో పిల్లాడి పక్కన నిలబడినవాడు 5.80 దాటిన వాల్టరు, వాళ్ల నాన్నే. తల్లి హెప్టాథ్లాన్ క్రీడాకారిణి. తప్పు పుట్టిన క్షణంలోనే పట్టుకునే కళ్లు ఇంట్లోనే నాలుగున్నాయి. మన బడిలో పిల్లలందరికీ కలిపి ఒక్క పీఈటీ. ఆయన అదే గంటలో కబడ్డీ కోర్టుకి ముగ్గు వేయించాలి, అసెంబ్లీకి వరసలు కట్టించాలి, ఎన్నికల పని వస్తే అదీ చూడాలి. చూసే కళ్లు లేనిచోట బార్ పెట్టడమంటే ఈతరాని పిల్లని లోతు తెలియని చెరువులోకి దింపడమే.

ఎత్తు గురించి దిగులు పడకండి

బార్ లేకపోతే ఎత్తు ఎలా పెరుగుతుందని అడిగే పిల్లలకి నేను నల్లబల్ల మీద ఒక లెక్క వేస్తాను. పరుగులో ఉన్న శక్తి అంతా ఎత్తుగా మారిందనుకుంటే, సెకనుకి 8 మీటర్ల వేగంతో వచ్చే మనిషి 3.26 మీటర్లు లేవగలడు. 9 మీటర్ల వేగంతో వస్తే 4.13. దానికి తోడు మన ఒంటి బరువుకి నడిమధ్య అనదగ్గ చోటు పరుగులోనే నేలకి దాదాపు మీటరు ఎత్తున ఉంటుంది. వేగం ఒక్క మీటరు పెరిగితే ఎత్తు 87 సెంటీమీటర్లు పెరుగుతోంది చూడండి. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలవుతుంది. మధ్యలో కొంత శక్తి పోతుంది, చేతులూ పొట్టా చేసే పని వల్ల కొంత తోడవుతుంది, అయినా అసలు ఖాతా పరుగుదే. 2024 సెప్టెంబర్‌లో జూరిక్‌లో ఇదే డుప్లాంటిస్ హర్డిల్స్ వీరుడు కార్‌స్టెన్ వార్‌హోమ్‌తో వంద మీటర్లు పరుగెత్తి 10.37 సెకన్లలో గెలిచాడు. పోల్ పట్టుకునే మనిషి ముందు స్ప్రింటరు.

కాబట్టి నా రెండో సలహా: మొదటి మూడు నెలలు పిట్ వైపు కూడా వెళ్లొద్దు. మన ఊళ్లలో మ్యాట్ ఉన్న గ్రౌండ్ దొరకడమే కష్టం కాబట్టి పోయేదేమీ లేదు. ఒక వెదురు గెడ తెచ్చుకోండి. మూడు, మూడున్నర మీటర్లుంటే చాలు. కణుపుల్ని గాజుపెంకుతోనో ఆకురాయితోనో గీకి నున్నగా చేయండి, పట్టుకునే చోట గుడ్డ టేపు చుట్టండి. దాంతో చెరువుకట్ట మీద పరుగెత్తండి. ఒక్క హెచ్చరిక: వెదురుతో పరుగు, కొన ఆనించే ప్లాంటు మాత్రమే. దాన్ని ఆనుకుని గాల్లోకి లేవకండి, చీలిందంటే చెయ్యి మిగలదు.

కుడిచేతి వాటం పిల్లలకి కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. రెంటి మధ్య ఎడం భుజాల వెడల్పుకి కాస్త ఎక్కువ. టేకాఫ్ ఎడమ కాలితో. ఎడమచేతి వాటమైతే అంతా తిరగేసుకోవాలి. పరుగు మొదట్లో గెడ కొన ఆకాశంలోకి ఉండాలి, అప్పుడు దాని బరువు తెలియదు. చాలామంది మొదటి అంగకే అడ్డంగా దించేసి, ముందుకు తూగే బరువుని మోసుకుంటూ పడీలేస్తూ వస్తారు. కొన మెల్లమెల్లగా తనంతట తను వాలాలి, ఆ వాలే గెడ వెనక కాళ్లు పరుగెత్తాలి. బిందె నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్లని చూడండి, బిందె కదలదు, నడుం కదులుతుంది. గెడతో పరుగు కూడా అలాగే ఉండాలి, భుజాలు నిశ్చలం, కాళ్లు జోరు.

అంగల్ని ముందుకి లెక్కపెట్టొద్దు. ఎడమ కాలు పడ్డప్పుడల్లా వెనక్కి లెక్కపెట్టండి: ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఒకటి అన్నప్పుడు టేకాఫ్. పైకి చెప్పాలి, అరిచి చెప్పాలి. ఊళ్లో వాళ్లు నవ్వితే నవ్వుతారు. ముందుకి లెక్కపెట్టే పిల్లకి ఆరో అంకె దగ్గర ఆయాసం కనిపిస్తుంది. వెనక్కి లెక్కపెట్టే పిల్లకి ఏం చేయాలో, ఎన్ని అంగలు మిగిలాయో తెలుస్తుంటుంది, కాళ్లు వాటంతటవే వడి అందుకుంటాయి.

నడుం, నుదురు, ఆకాశం

ఈ మూడు మాటలు మా గ్రౌండ్‌లో పిల్లలకి నిద్రలో కూడా వస్తాయి. ఏడాదిలో సగం రోజులు నేను దీనిమీదే ఖర్చుపెడతాను, అందుకే ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఆఖరి మూడు అంగలు ఎడమ, కుడి, ఎడమ. మొదటి ఎడమ పాదం పడేటప్పుడు కుడిచెయ్యి నడుం దగ్గర్నుంచి కదలాలి. కుడి పాదం పడేసరికి నుదుటి దగ్గరికి రావాలి. ఆఖరి ఎడమ పాదం నేల తాకేలోపే పూర్తిగా పైకి, ఆకాశంలోకి చాచి ఉండాలి. తాకాక లేపితే ఆలస్యం. ప్రపంచమంతా ఆలస్యంగానే లేపుతుంది, ఎందుకంటే చేతులు తొందరగా లేపితే పరుగు తగ్గుతుందని భయం. మొదటి వారం తగ్గుతుంది కూడా. తగ్గనివ్వండి.

దీన్ని నడుస్తూ మొదలుపెట్టాలి. వరండాలో సిమెంటు గచ్చు మీద, గెడ కొనకి పాత తుండుగుడ్డ చుట్టి, మూడడుగుల నడక. నడుం, నుదురు, ఆకాశం. కొన గచ్చు మీద జారుకుంటూ ముందుకు పోతుంది, పిల్ల రెండు చేతులూ పైకి తోస్తూ కుడి మోకాలు లేపి, ఎడమ మునివేళ్ల మీద నిలబడుతుంది. పొద్దున యాభై, సాయంత్రం యాభై. వానాకాలంలో గ్రౌండ్ బురదైపోయినా ఇది ఆగదు. రెండు వారాలయ్యాక అదే నెమ్మది పరుగుతో. ఆ తర్వాత గోడ దగ్గర: గోడ, నేల కలిసే మూలలో కొన ఆనించి, టేకాఫ్ భంగిమలో నిలబడి, పైచెయ్యిని గోడ ఎంత తోస్తుందో ఒంటితో తెలుసుకోవడం.

కిందిచెయ్యి దగ్గర పిల్లలు పొరబడతారు. కొందరు దాన్ని కర్రలా బిగించి పోల్‌ని ముందుకి నెడతారు, కొందరు మోచెయ్యి ముడిచి ఛాతీ మీదికి లాక్కుంటారు. దీనికి నేను చెప్పే పోలిక పడవది. గోదావరి లంకల్లో గెడ వేసి పడవ నడిపేవాళ్లని చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. గెడ అడుగు ఇసుకకి తగిలిందా లేదా అని పడవవాడు వంగి చూడడు, చేతికే తెలుస్తుంది. తగిలాక చేతులతో లాగడు, ఒంటి బరువు మొత్తం గెడ మీదికి పంపిస్తాడు, పడవ దానంతటది కదులుతుంది. బాక్సు వెనక గోడ దగ్గర 20 సెంటీమీటర్ల లోతు. అందులోకి కొన దిగేది మీరు చూడనక్కర్లేదు. చూశారంటే తల వంగిపోతుంది, తల వంగితే నడుం వంగుతుంది.

పాదం ఎక్కడ పడాలి? పైచేతికి సరిగ్గా కింద. మేస్త్రీ గోడ నిలువు చూడ్డానికి గుండు వేలాడదీస్తాడే, అలా పైచేతి నుంచి గుండు వేలాడదీస్తే బొటనవేలి మీద పడాలి. ఇంకా మేలు కావాలంటే ఒక్క రవ్వ వెనక. విటాలీ పెత్రోవ్ అనే శిక్షకుడు వాల్టరు సెర్గీ బుబ్కాకి నేర్పింది ఈ దారే: పోల్ కొన బాక్సు వెనక గోడకి తగలడానికి ముందే పాదం నేల వదిలేయాలి, పోల్ మనిషిని ఆపే లోపే మనిషి పోల్‌ని పైకి తోసేయాలి. ఆ బుబ్కా 1994లో సెస్త్రియేర్‌లో 6.14 దాటాడు. ఆరుబయట ఆ ఎత్తుని దాటడానికి ఇంకొకరికి పాతికేళ్లకి పైగా పట్టింది.

కొలవడానికి వీడియో అక్కర్లేదు. టేకాఫ్ పడాల్సిన చోట గజం మేర పలచగా ముగ్గుపిండి చల్లండి. పిల్ల పరుగెత్తి వెళ్లాక ముగ్గులో పాదం అచ్చు కనిపిస్తుంది. మడమ దిగబడిందా, మునివేళ్లు మాత్రమే పడ్డాయా, పాదం పక్కకి తిరిగిందా, అన్నీ అందులో ఉంటాయి. అచ్చు పక్కన పుల్ల గుచ్చండి. పది పరుగులకి పది పుల్లలు. పుల్లలన్నీ ఒక జానెడులో ఉంటే పిల్లకి పరుగు వచ్చినట్టు. పుల్లలు చెల్లాచెదురుగా ఉంటే మొదలుపెట్టే గీతని ముందుకో వెనక్కో జరపమంటారు అందరూ. నా సలహా, గీత ముట్టుకోవద్దు. పాదం లోపల పడటానికి కారణం గీత అయ్యేది పదిసార్లలో ఒక్కసారే, మిగతా తొమ్మిదిసార్లూ చేతులు ఆలస్యంగా లేవడమే. చేతులు వేళకి లేస్తే పాదం తనంతట తను వెనక్కి వస్తుంది. గీత జరిపితే పిల్ల ఆ కొత్త దూరానికి కూడా అంగ సాగదీయడం నేర్చుకుంటుంది.

పోల్ వంచకండి

పిల్లలకి పోల్ వాల్ట్ అంటే వంగే పోల్. టీవీలో విల్లులా వంగి, మనిషిని బాణంలా విసిరేసే ఆ దృశ్యం చూసే వస్తారు. మొదటి రోజే అడుగుతారు, "సార్, ఎలా వంచాలి?" అని. ఏడాదిపాటు వంగే పోల్ ముట్టుకోనివ్వొద్దన్నది నా మూడో సలహా. ఇది విని నవ్విన శిక్షకులున్నారు. ఫైబర్‌గ్లాస్ వచ్చి అరవై ఏళ్లు దాటింది, ఇంకా వెదురు కాలంలో ఉన్నారా అన్నారు.

వెదురు కాలాన్ని అంత తేలిగ్గా తీసేయొద్దు. అమెరికాకి చెందిన కోర్నీలియస్ వార్మర్‌డామ్ 1940లో వెదురు పోల్‌తో పదిహేను అడుగులు దాటాడు, ప్రపంచంలో అదే మొదటిసారి. 1942లో 4.77 మీటర్లు. అది ఫైబర్‌గ్లాస్‌లా మనిషిని విసిరేసే పోల్ కాదు, పైగా పడేది ఇసుకలోనో రంపప్పొట్టులోనో. దాని పక్కన ఇదీ చూడండి, వంగే పోల్‌తోనే మన దేశంలో మహిళల జాతీయ రికార్డు 2014లో వి.ఎస్. సురేఖ నెలకొల్పిన 4.15 నుంచి, 2022లో గాంధీనగర్ జాతీయ క్రీడల్లో రోజీ మీనా దాటిన 4.20కి రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆడవాళ్లనీ మగవాళ్లనీ పోల్చడానికి చెప్పడం లేదు. అంతగా వంగని కర్రతో కూడా మనిషి ఎంత ఎత్తుకి వెళ్లగలడో తెలియాలని చెబుతున్నాను. పోల్ వంగేది వేగం వల్ల, నిటారుగా చాచిన పైచేతి వల్ల. ఆ రెండూ ఉన్నవాడి చేతిలో అది తనంతట వంగుతుంది. లేనివాడు కిందిచేత్తో తోసి వంచుతాడు, పోల్ వంగి పక్కకి తిరిగి, వాణ్ని మ్యాట్ అంచు మీద పడేస్తుంది.

అందుకని లాంగ్‌జంప్ పిట్‌లో ఇసుక బాగా తవ్వి, వంగని పోల్ ఒకటి పట్టుకోండి. పాత గట్టి పోల్ ఏదైనా సరే. నిలబడి చెయ్యి చాచితే అందే చోటికి ఒక్క పిడికిలి పైన గ్రిప్. అంతకన్నా పైకి వద్దు. ఎడమ కాలు మూడుసార్లు పడే పరుగు. టేకాఫ్ తర్వాత ఒంటిని పొడుగ్గా ఉంచి, పోల్ పక్కగా సాగి, ఇసుకలో రెండు కాళ్ల మీద దిగాలి. కాళ్లు ముడవొద్దు, తిరగొద్దు, ఏ విన్యాసమూ వద్దు. పోల్ నిలువు దాటి ముందుకి పడుతోందా, అదొక్కటే చూడండి. పది సార్లకి పదిసార్లూ దాటితే మరో పిడికిలి పైకి. తొమ్మిదే దాటితే అక్కడే ఉండండి. నెలకి ఒక పిడికిలి పెరిగిన పిల్లలున్నారు, నాలుగు నెలలు ఒకే చోట ఉన్న పిల్ల ఉంది.

వంగే పోల్‌కి వెళ్లిన రోజున ఒక్క నియమం రాజీ లేకుండా పాటించండి. ప్రతి పోల్ మీదా ఎంత బరువు మనిషికో రాసి ఉంటుంది. పిల్ల బరువు అంతకన్నా ఎక్కువైతే ఆ పోల్ వద్దు, ఇంకొకటి లేదన్నా సరే. పోల్ మీద స్పైక్స్ గీత పడ్డా, రాతి మీద పడి చిన్న గంటు పడ్డా, దాన్ని పక్కన పెట్టేయండి. విరిగే పోల్ ముందుగా చెప్పి విరగదు.

ఉయ్యాల ఊగండి

గాల్లో చేయాల్సినది నేర్చుకోవడానికి నేను చెప్పేది వేపచెట్టు. గట్టి కొమ్మకి మోకు కట్టి వేలాడండి. అట్లతద్దికి ఉయ్యాల ఊగిన ఆడపిల్లలకి ఇది నేర్పక్కర్లేదు. ఉయ్యాల ఎప్పుడు పైకి లేస్తుంది? కిందికి వచ్చే క్షణంలో ఒళ్లు పొడుగ్గా చాచి, కాళ్లతో ముందుకి తన్నినప్పుడు. ముడుచుకు కూర్చుంటే ఆగిపోతుంది. టేకాఫ్ తర్వాత ఎడమ కాలు చేయాల్సింది ఇంతే: వెనకాల పొడుగ్గా ఉండి, గుడి గంట నాలుకలా పెద్ద చుట్టు తిరిగి రావాలి. దాన్ని తొందరపడి ముడిచేస్తే చుట్టు చిన్నదవుతుంది, జోరు చచ్చిపోతుంది. మోకుకి వేలాడి, ఆ ఊపులోనే నడుం పైకి, పాదాలు చేతుల మీదికి తీసుకెళ్లడం రోజుకి పదిసార్లు. చేతులు వంచకుండా. కింద ఇసుక పోసి, ఒకరు నడుం దగ్గర చెయ్యేసి నిలబడాలి. యెలెనా ఇసిన్‌బయేవా పదిహేనేళ్ల దాకా జిమ్నాస్టిక్స్ చేసి ఈ ఆటకి వచ్చింది. ఐదు మీటర్లు దాటిన మొదటి మహిళ ఆమే, 2005లో. తలకిందులుగా ఉన్నప్పుడు ఒంటికి భయం లేకపోవడం ఆమెకి అక్కడే అబ్బింది.

ఫోన్‌లో ఛాంపియన్ల వీడియోలు చూడ్డం గురించి ఒక్క మాట. చూడండి, కానీ స్క్రీన్ పై సగం అట్టముక్కతో మూసేసి చూడండి. కాళ్లు కనిపిస్తే చాలు.

ఏడాది మీట్‌లకి వెళ్లొద్దు

ఈ సలహా చెప్పేటప్పుడు నా గొంతు ఇప్పటికీ తడబడుతుంది. అయినా చెబుతాను.

నా దగ్గరికి వచ్చిన ఒక పిల్ల ఎనిమిది నెలల్లో ముగ్గులో పుల్లలన్నీ జానెడులో పెట్టింది. నేను చూసిన పిల్లల్లో అంత నెమ్మదైన భుజాలు ఇంకెవరికీ లేవు. అప్పుడు జిల్లా మీట్ వచ్చింది. ఆమె వయసు విభాగానికి అదే ఆఖరి ఏడాది. పోటీకి వచ్చేది నలుగురో ఐదుగురో, అందులో ఇద్దరికి పోల్ పట్టుకోవడమే కొత్త. వెళ్తే పతకం వచ్చేదే. ఏడాది నిండలేదని నేను పంపలేదు. బార్ చూస్తే మళ్లీ కళ్లు పైకి లేస్తాయని, ఎనిమిది నెలల పని ఒక్క మధ్యాహ్నంలో పోతుందని నా భయం.

వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. మర్నాడు పొద్దున్నే ఆటో గేటు దగ్గర ఆపి లోపలికి వచ్చాడు. కోపంగా అరవలేదు. "మాస్టారూ, మీ సిద్ధాంతం గొప్పదే అయ్యుంటుంది. మా అమ్మాయికి కాయితం కావాలండీ. రేపు కాలేజీలో స్పోర్ట్స్ కోటా అడిగితే, ముగ్గులో అడుగులు బాగా పడ్డాయని రాసిస్తారా మీరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆయన అన్నది తప్పని ఎవరూ అనలేరు.

అయినా మళ్లీ అలాంటి మీట్ వస్తే, ఏడాది నిండని పిల్లని మళ్లీ పంపను. ఎత్తు అనేది ఎంత నిలకడ లేని లెక్కో తెలిసినవాణ్ని. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బుబ్కా ఒక్క ఎత్తు కూడా దాటకుండా వెనుదిరిగాడు, ప్రపంచ రికార్డు అప్పుడూ అతనిదే. మరుసటి ఫిబ్రవరిలోనే దొనెత్స్క్‌లో ఇండోర్ పోటీలో 6.15 దాటాడు. ఆ రోజటి సున్నా అతని పరుగుని చెరపలేదు, ఎందుకంటే పరుగు అంత లోతుగా పాతుకుని ఉంది. ఎనిమిది నెలల పిల్లకి ఆ వేళ్లు ఇంకా దిగలేదు. కాయితం ఒక ఏడాది ఆలస్యమైనా వస్తుందని ఆ తండ్రికి చెప్పాను. వస్తుందో రాదో చెప్పే హక్కు నాకు లేదని చెప్పేటప్పుడే తెలుసు.

పిల్ల మాత్రం రావడం మానలేదు. వాళ్ల నాన్నే ఆటోలో దించి వెళ్తాడు. నాతో మాట్లాడడు.

ఏడాది నిండాక కూడా బార్ వెంటనే పెట్టొద్దు. ముందు రెండు స్టాండుల మధ్య ఎలాస్టిక్ దారం కట్టండి, పిల్ల గ్రిప్‌కి అరమీటరు కిందనే. స్టాండుల్ని వెనక్కి, 80 సెంటీమీటర్ల గుర్తుకి జరపండి, పిల్ల మ్యాట్ నడిమధ్యలో వీపు మీద పడేలా. దారం తగిలినా పడదు కాబట్టి దాటిందో లేదో ఎవరికీ తెలియదు, చప్పట్లు ఉండవు. నెల రోజులు దారం. ఆ తర్వాత తాళం తీసి బార్ తెచ్చి, పిల్ల ఇప్పటికే తేలిగ్గా దాటుతున్న ఎత్తు కన్నా ఒక జానెడు తక్కువలో పెట్టండి. ఎంత పెట్టారో చెప్పొద్దు. టేపు పట్టుకుని కొలవడం పిల్లలు చూడకూడదు.

నిన్న సాయంత్రం ఆ పిల్లకి దారం కట్టాను. మొదటి నాలుగు పరుగులకి కళ్లు ఎదురుగానే ఉన్నాయి. ఐదోసారి గడ్డం రవ్వంత లేచింది. ముగ్గులో చూస్తే పాదం మూడు వేళ్లు లోపల ఉంది. దారం విప్పేసి జేబులో పెట్టుకున్నాను. "రేపు మళ్లీ వరండాలో తుండుగుడ్డతో మొదలుపెడదాం" అన్నాను. సరే సార్ అని, ముగ్గు చెరిగిపోకుండా పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లి పుల్లలు ఏరుకుంది.